మోడెం కాదు సార్, మోడం

ఒక సంస్థ తన కంప్యూటర్ వ్యవస్థను ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే పబ్లిక్ క్లౌడ్‌లో పెట్టుకోవాలా, సొంతంగా ప్రైవేట్ క్లౌడ్ కట్టుకోవాలా, రెండూ కలిపిన హైబ్రిడ్ పద్ధతికి పోవాలా అన్నది ఎలా తేలుస్తారని ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు. పుస్తకాల్లో అయితే అవసరాలు రాసుకుని, భద్రత చూసుకుని, నాలుగు రకాలుగా బేరీజు వేసుకుని తేలుస్తారు. మా సంఘంలో మాత్రం మేనేజింగ్ డైరెక్టర్ గారు హైదరాబాదులో ఒక హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లి, మబ్బు బొమ్మ అచ్చేసిన నీలం సంచీ ఒకటి తెచ్చుకున్నారు. సగం నిర్ణయం ఆ సంచీతోనే అయిపోయింది. మిగతా సగం ఎలా అయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఆ సగంలో నా చెయ్యి ఉంది.

నా పేరు రామాంజులు. అనంతపురంలో రైతుల విత్తన సహకార సంఘం ఒకదానిలో కంప్యూటర్ విభాగం చూసి రిటైరయ్యాను. సంఘం పేరు రాయను. మా పని వేరుశనగ విత్తనం సేకరించి, శుభ్రం చేసి, సభ్యులైన రైతులకు ఇవ్వడం. హెడ్డాఫీసు పట్నంలో ఉండేది, డిపోలు రాప్తాడులో, బుక్కరాయసముద్రంలో, వజ్రకరూరులో, ఇంకా కొన్ని చోట్ల ఉండేవి. రైతు డిపోకు వచ్చి వేలిముద్ర వేస్తే తెర మీద అతని పేరు, పొలం, అతనికి రావాల్సిన బస్తాలు కనబడతాయి. అప్పుడు విత్తనం ఇస్తారు. తెర పలకకపోతే ఇవ్వరు.

ఇంకొక్క సంగతి ముందే చెప్పాలి. మా వైపు మబ్బును మోడం అంటారు. మా నాయన రాప్తాడు దగ్గర మెట్ట సేద్యం చేసేవాడు. జూన్ నెలలో సాయంత్రం పూట పడమటి దిక్కు చూసి "మోడం పడతాండాది" అని ఆయన అంటే ఇంట్లో అందరం బయటికి వచ్చేవాళ్లం. ఆ మాట వింటూ పెరిగినవాణ్ని నేను. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నేనైతే మరిచిపోయాను.

గోనెసంచుల గది

క్లౌడ్ రాకముందు మా సర్వర్లు రెండూ హెడ్డాఫీసు వెనక, ఒకప్పుడు గోనెసంచులు వేసుకునే గదిలో ఉండేవి. అలాంటి గదికే ఇప్పుడు ప్రైవేట్ క్లౌడ్ అని పేరు పెట్టి సభల్లో చెప్పుకుంటున్నారు. మేం సర్వర్ గది అనేవాళ్లం. ఆ గదికి నేను రాజును. తాళంచెవి నా జేబులోనే ఉండేది. ఎవరొచ్చినా చెప్పులు బయట విడిచి రావాలని నియమం పెట్టాను. ఆ యంత్రాలకు చెప్పులతో ఏ ఇబ్బందీ లేదని నాకు తెలుసు. అయినా మేనేజర్లు సైతం సాక్సులతో నా గదిలో అడుగు పెడుతుంటే చూడటానికి బాగుండేది.

సొంత గది ఉంటే నిశ్చింత అని పాత ఉద్యోగులు చెబుతారు. నమ్మకండి. మా గది పక్కనే విత్తనం గోదాము. వేరుశనగ ఉన్నచోట ఎలుకలుంటాయి. ఒక ఏడు విత్తనాలిచ్చే రోజుల్లోనే ఎలుక ఒకటి కేబుల్ కొరికేసింది. జిల్లాలో డిపోలన్నీ సగం రోజు ఆగిపోయాయి. నేను రిపోర్టులో "సాంకేతిక లోపం" అని రాశాను. ఎలుక అని రాస్తే నా రాజ్యం పరువు పోతుందని భయం. మా వృత్తిలో సాంకేతిక లోపం అన్న మాట చదివినప్పుడల్లా, దాని వెనక ఒక ఎలుకైనా ఉంటుంది, ఒక రామాంజులైనా ఉంటాడు.

అందుకని క్లౌడ్ వద్దని వాదించే హక్కు నాకు లేదు. మా సిబ్బంది జీతాలు, సెలవులు, ఉత్తరాలు, సరకు లెక్కలు ఇవన్నీ పబ్లిక్ క్లౌడ్‌కు పోయాక నా గదిలో ఉన్నప్పటికంటే బాగానే నడిచాయి. అక్కడ ఎలుకలు కూడా లేవు.

పచ్చ టిక్కులు

సంచీ వచ్చిన నెలకు సలహాదారు వచ్చాడు. బెంగుళూరు నుంచి. మాటకు ముందు "బేసికల్లీ" అనేవాడు. చల్లటి గదిలో కూర్చుని, మా సంఘం ఏం చేస్తుందో మా వెబ్‌సైటు చూసి మాకే చెప్పాడు. తర్వాత తెర మీద ఒక పట్టిక వేశాడు. పబ్లిక్, ప్రైవేట్, హైబ్రిడ్ అని మూడు నిలువు గడులు. పబ్లిక్ కింద అన్నీ పచ్చ టిక్కులు. ప్రైవేట్ కింద అన్నీ ఎర్ర ఇంటూలు. హైబ్రిడ్ కింద కొన్ని పచ్చ, కొన్ని ఎరుపు, పక్కన చిన్న అక్షరాల్లో "నిర్వహణ క్లిష్టం" అని. ఆ పట్టిక మాకోసం తయారైంది కాదు. కింద మూలలో ఇంకెవరిదో పేరు చెరిపిన మరక కూడా నాకు కనబడింది.

అతను నన్ను అడిగిన ప్రశ్న ఒకే ఒకటి.

"డిపోలకు కనెక్టివిటీ ఉంది కదా సర్?"

"ఉంది," అన్నాను.

నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పుల్లో మొదటిది ఆ రెండక్షరాల మాట. రాప్తాడుకు, బుక్కరాయసముద్రానికి కేబుల్ ఉంది. వజ్రకరూరు డిపోకు కేబుల్ రాలేదు, రెండేళ్ల కిందట మిద్దె మీద డిష్ పెట్టి ఉపగ్రహంతో నడుపుతున్నాం. వాన వచ్చే ముందు అక్కడ కరెంటు పోతుంది, కాసేపటికి సెల్ టవర్ కూడా పడుకుంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ పట్టికలో "ఉంది", "లేదు" అన్న రెండే గడులున్నాయి. సూటు వేసుకున్న మనిషి ముందు మా డిపోల దరిద్రం ఏకరువు పెట్టడానికి నాకు నామోషీ అయింది.

వజ్రకరూరు డిపో చూసే ఎర్రిస్వామి అంతకు ముందే నాతో ఒక మాట అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ డిపోలోనే ఉన్న మనిషి. ఏ రైతు పొలం ఏ వంకకు ఆనుకుని ఉందో చెప్పగలడు. క్లౌడ్ సంగతి విని, "ఈడ కూడా ఒక పెట్టె పెట్టండి సార్. కొళాయి వచ్చినా ఇంట్లో బిందె నింపి పెట్టుకుంటాం కద," అన్నాడు. డిపోలో చిన్న యంత్రం ఒకటి ఉండి, పై లైను తెగినా ఆ డిపో రైతుల వరకు పని నడిపి, లైను వచ్చాక వివరాలు పైకి పంపడం. హైబ్రిడ్ అంటే ఇంతే. సలహాదారు నలభై స్లైడుల్లో చెప్పలేనిది ఎర్రిస్వామి బిందెతో తేల్చేశాడు.

నేను సమావేశంలో ఆ మాట ఎత్తాను. గట్టిగా కాదు, నసిగాను. ఎండీ గారు నవ్వి, "రామాంజులు గారూ, మీకు ఆ గది మీద మమకారం. ఇప్పుడు డిపోకొక గది కట్టమంటారా? వదిలేయండి," అన్నారు. అందరూ నవ్వారు. మమకారం ఉన్న మాట నిజమే కాబట్టి నాకు గట్టిగా తగిలింది, నోరు మూసుకున్నాను. నా మాట వెనక నా స్వార్థం ఉన్నట్టే, దాని పక్కన వజ్రకరూరు రైతు అవసరం కూడా ఉందని చెప్పనే లేదు.

నల్లగా ఉందన్నాడు

కొత్త వ్యవస్థను పరీక్షించిన కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. అనంతపురం జిల్లాలో ఆ నాలుగు నెలలు ఆకాశం ఎలా ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. కాకులు కూడా నీడ వెతుక్కునే కాలం. డిష్‌కూ ఉపగ్రహానికీ మధ్య అడ్డం వచ్చే మబ్బు తునక లేదనే అనుకున్నాం. వ్యవస్థ అద్భుతంగా నడిచింది. చదువుకున్నవాళ్లం ఇంతమందిమి కూర్చుని, వాన పడిన రోజున పనిచేయాల్సిన దాన్ని వాన పడని కాలంలో పరీక్షించాం. అది తప్పని ఒక్కరికీ తట్టలేదు.

ఏప్రిల్‌లో ఒక రోజు ఎర్రిస్వామి ఫోన్ చేశాడు.

"సార్, మోడం వస్తే సిస్టం పోతాది సార్."

"వస్తే పోవడమేమిటయ్యా? మోడెం ఉంటేనే కదా నడిచేది?"

"లేదు సార్. లేనప్పుడు బాగ నడుస్తాది. వచ్చిందంటే పాయ."

వైర్లు అటూ ఇటూ మార్చి పెట్టి ఉంటాడనుకున్నాను. కొత్త మోడెం ఒకటి బస్సులో పంపించాను. పది రోజులకు మళ్లీ ఫోన్.

"సార్, మళ్లా మోడం వచ్చిండాది."

"వచ్చిందా? మంచిది. ఎలా ఉంది?"

"బాగ నల్లగ ఉండాది సార్."

"ఆఁ, నల్లదే పంపాం. తెల్లవి అయిపోయాయి. ఇప్పుడు ఏ పక్క ఉంది?"

"పడమటి పక్క సార్."

"పడమర వద్దు, ఎండ కొడుతుంది. ఉత్తరం గోడకు జరుపు."

"నేనెట్ల జరుపుతా సార్?"

"మేకు కొట్టి తగిలించు ఎర్రిస్వామీ, అన్నీ నేనే చెప్పాలా? ఇంకేమైనా ఇబ్బంది ఉందా?"

"గుడగుడ అంటాండాది సార్."

"లోపల ఫ్యాను వదులై ఉంటుంది. భయపడాల్సింది లేదు, రెండేళ్లు వారంటీ ఉంది."

"మోడానికా సార్?"

"మరి దేనికి?"

"సరే సార్," అని పెట్టేశాడు.

ఇది చెబితే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతూనే చెబుతాను. కానీ ఇందులో ఒక్క మాట కూడా అతను తప్పు చెప్పలేదు. డిపోలో ఆ పెట్టెను మోడెం అని ఎవరూ అనరు, నెట్టు డబ్బా అంటారు. అదీ నాకు తెలుసు. మా నాయన నోట వెయ్యిసార్లు విన్న మాటను, ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి నా చెవి ఇంగ్లీషు మాటగా మార్చేసుకుంది. అతను చెబుతున్నది వినకుండా, చెప్పాల్సింది ఇదీ అని నేను ముందే అనుకున్నదాన్ని విన్నాను.

అతను ఎందుకు తిరిగి అడగలేదని తర్వాత నేను అడిగితే, "పెద్దోళ్లు మీరు. ఏదో డబ్బా పంపిస్తిరి. మోడం వచ్చినా సిస్టం పోకుండ చేసే సామానేమో అనుకుంటి. వారంటీ అంటిరి. నాకేం తెల్సు సార్, గమ్మున ఉంటి," అన్నాడు. మన కింద పనిచేసేవాళ్లు మనకు తెలియదని అనుకోరు. ఏదో తెలిసే ఉంటుందని ఊరుకుంటారు. అధికారి అన్నవాడికి దీన్ని మించిన ప్రమాదం లేదు.

నా రిపోర్టులో నేను రాసిన వాక్యం ఇది: "పరీక్షా కాలంలో వ్యవస్థ ఒక్కసారి కూడా ఆగలేదు. వజ్రకరూరులో మోడెం లోపం గమనించి మార్చడమైనది." ఎండీ గారు దాన్ని బోర్డు సమావేశంలో చదివి వినిపించారు. చప్పట్లు కొట్టారు. నా సర్వర్లు రెండూ ఊడదీసి గోదాములో పడేశారు. ఆ గదిలో సోఫాలు వేసి, వచ్చేపోయేవాళ్లు కూర్చునే గది చేశారు. చెప్పులు వేసుకునే లోపలికి పోవచ్చు.

పదును

జూన్‌లో ఒక సాయంత్రం వజ్రకరూరు వైపు మంచి వాన పడింది. అంతకు ముందు రెండేళ్లు సరైన వాన లేదు. వాన పడిన తర్వాత ఎర్రనేల విత్తనం వేయడానికి తగిన తడితో రెండు రోజులు ఉంటుంది, మహా అయితే మూడు. దాన్నే పదును అంటారు. మా గాలికి అది కూడా నిలవదు. ఆ పదునులో గింజ భూమిలో పడాలి, లేదంటే ఆ వాన పడీ పడనట్టే.

తెల్లవారేసరికి డిపో ముందు రైతులు నిలబడ్డారు. ఆకాశం నిండా ఇంకా నల్లటి మబ్బు. ఎర్రిస్వామి ఫోన్ చేసి, "సార్, మీరే వచ్చి చూడండి," అని మాత్రం అన్నాడు. అప్పటికే అతనికి నాతో ఫోన్లో చెప్పే ఓపిక పోయింది. జీపులో పోయి పదకొండు గంటలకు చేరాను. మిద్దె మీద డిష్ తడిసి నిలబడి ఉంది. తెర మీద గుండ్రటి గీత ఒకటి తిరుగుతూనే ఉంది.

వరసలో ముందు నిలబడిన మనిషి సుంకమ్మ. యాభై దాటిన మనిషి. మొగుడు గొర్రెల వెంట పోతాడు, ఐదెకరాల ఎర్రనేల సేద్యం ఆమెదే. ట్రాక్టరుకు చెప్పి, పొలంలో మనుషుల్ని నిలబెట్టి వచ్చింది. నన్ను చూడగానే అందుకుంది.

"ఏమప్పా, యేలు పెట్టి పెట్టి అరిగిపాయ. యాడుండాది మీ సిస్టం?"

"ఇక్కడ లేదమ్మా. క్లౌడ్‌లో ఉంది," అన్నాను.

"అంటే యాడ?"

నేను దాన్ని ఎలా వివరించాలా అని మాటలు వెతుక్కుంటుండగా, ఎర్రిస్వామి తెర మీది నుంచి తల తిప్పకుండానే చెప్పాడు.

"మోడంలో ఉండాదంట సుంకమ్మక్కా."

ఆమె తలెత్తి ఆకాశం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మోడం మా నెత్తినే ఉండాది గదప్పా. మరి ఇయ్యి ఇత్తనాలు."

వరసంతా నవ్వింది. నేను నవ్వలేదు. మోడం. నల్లగా ఉండాది. పడమటి పక్క. గుడగుడ అంటాండాది. ఏప్రిల్‌లో ఫోన్లో విన్న ప్రతి మాటా అప్పుడు నాకు అర్థమైంది. ఆ నెలలో పడిన రెండు వేసవి జల్లులకూ ఇతను నాకు ఫోన్ చేశాడు. నల్లటి వానమబ్బు అడ్డం వస్తే ఆ డిష్‌కు సంకేతం అందదని, దాని మీద ఆధారపడిన వ్యవస్థ సరిగ్గా వాన రోజునే పడిపోతుందని, ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి నాకు ఒకే వాక్యంలో చెప్పాడు. నేను దానికి వారంటీ ఇచ్చాను.

"అప్పుడే చెప్తిని కద సార్," అన్నాడు ఎర్రిస్వామి మెల్లగా. కోపంతో కాదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్ద తప్పు. మాటను తప్పుగా వినడం పొరపాటు అనుకుందాం. ఇది పొరపాటు కాదు, పిరికితనం.

"పుస్తకంలో రాసుకుని ఇచ్చేద్దాం సార్," అన్నాడు ఎర్రిస్వామి. "వీళ్లంతా నాకు తెల్సినోళ్లే. ఎవరికెన్ని బస్తాలో కూడా తెల్సు. సిస్టం వచ్చినాక ఎక్కిద్దాం."

నేను బయటికి పోయి, సెల్ సిగ్నల్ దొరికే దాకా రోడ్డు వెంట నడిచి ఎండీ గారికి ఫోన్ చేశాను. "చేతిరాత మాత్రం వద్దు రామాంజులు గారూ, అక్రమాలకు దారి తీస్తుంది. సిస్టం వచ్చేదాకా ఆగమనండి. టెక్నాలజీ మీద కాస్త నమ్మకం ఉంచండి," అన్నారు. ఆయన ఉన్నచోట ఎండ కాస్తూ ఉండి ఉంటుంది.

అక్కడ నేను మంచిదని తలాడించకుండా, గోదాము తలుపు తీయించి ఉండొచ్చు. మహా అయితే ఒక మెమో ఇచ్చేవాళ్లు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది, మెమో అంటే నాకు భయం. తిరిగి వచ్చి, "ఆగాలి," అని చెప్పాను.

"ఎంతసేపు సారూ?" అంది సుంకమ్మ.

"మబ్బు పోయేదాకా," అన్నాను. ఆ ఊళ్లో ఆ రోజున అంత దరిద్రపు మాట ఇంకొకటి లేదు. రెండేళ్లు ఎదురుచూసిన మబ్బు పోవాలని నేను కోరుకుంటున్నాను, వాళ్ల ముందే, వాళ్ల సంఘం ఉద్యోగిగా.

మరుసటి రోజంతా కూడా మబ్బు పోలేదు. గాలి మాత్రం ఆగకుండా వీచింది. మూడో రోజు పొద్దున ఆకాశం తెల్లబడింది, ఎండ వచ్చింది, సిస్టం వచ్చింది. జిల్లాలోని డిపోలన్నీ ఒకేసారి మీద పడేసరికి అదీ నత్త నడక నడిచింది. సుంకమ్మ వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది. వేలు పెట్టింది. ఈసారి ఒక్క పెట్టుకే తెర పచ్చబడింది. ఎర్రిస్వామి బస్తాలు తెమ్మని హమాలీకి సైగ చేశాడు.

"వద్దులేప్పా," అంది ఆమె. "పొద్దున్నే చూసి వస్తి. పిడికిట్లో పట్టుకుంటే మన్ను పొడిపొడి రాల్తాండాది. ఇప్పుడు ఇస్తే యాడ ఏసేది?"

అరవలేదు, తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని పోయింది. ఆ సీజన్లో ఆమె పొలానికి మళ్లీ పదునయ్యే వాన పడలేదు. ఐదెకరాలూ బీడు పడ్డాయి. ఆ ఏడు ఆమె బుక్కరాయసముద్రం వైపు వచ్చి కూలి పని చేసుకుందని ఎర్రిస్వామి చెప్పాడు. అడగకుండానే చెప్పాడు, నాకు తెలియాలని.

ఈడి పెట్టె

తర్వాత సమీక్షా సమావేశం జరిగింది. సలహాదారు తెర మీద కనబడి, "బేసికల్లీ, ఇది చాలా అరుదైన వాతావరణ పరిస్థితి," అన్నాడు. అనంతపురంలో వాన అరుదని చెప్పడానికి బెంగుళూరు నుంచి మనిషి అక్కర్లేదు. ఆ అరుదైన రోజున విత్తనం ఇవ్వడానికే మా సంఘం పుట్టింది. మిగిలిన రోజుల్లో అది ఆగిపోయినా అడిగేవాడు లేడు. అతని పట్టికలో ఏడాదిలో ఎన్ని గంటలు నడిచిందన్న గడి ఉంది, ఏ గంటలు నడవలేదన్న గడి లేదు. ఆ గడి లేని పట్టిక ఎవరు చూపించినా చించి అవతల పడేయండి.

ఆ రోజు నేను లేచి నిలబడి మోడం కథ మొత్తం చెప్పాను. నవ్వారు. నవ్వు ఆగాక, నా రిపోర్టులో ఆ వాక్యం అబద్ధమని, నేనే రాశానని, డిపోకొక పెట్టె అడిగింది ఎర్రిస్వామి అని, ఆ మాట నేను నసిగి వదిలేశానని కూడా చెప్పాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎండీ గారు గడియారం చూసుకున్నారు. రెండు నెలల్లో ఆయన వేరే చోటికి వెళ్లిపోయారు. నీలం సంచీ కుర్చీకి తగిలించి మరిచిపోయారు.

తర్వాత చేసింది చాలా చిన్న పని. జీతాలు, ఉత్తరాలు, సరకు లెక్కలు పబ్లిక్ క్లౌడ్‌లోనే ఉంచేశాం. విత్తనం ఇచ్చే పని మాత్రం ప్రతి డిపోలోనూ చిన్న యంత్రం మీద కూడా పెట్టాం. ఆ డిపో రైతుల వేలిముద్రలు, పేర్లు అందులోనే ఉంటాయి. దానికి పెద్ద బ్యాటరీ ఒకటి. లైను ఉన్నా లేకపోయినా విత్తనం ఇస్తుంది, లైను వచ్చాక పైకి చెబుతుంది. కాగితాల్లో దాని పేరు హైబ్రిడ్. ఎర్రిస్వామి దాన్ని "ఈడి పెట్టె" అంటాడు. పైన ఉన్నదాన్ని "ఆడిది" అంటాడు. రెండు మాటల్లో అంతా వచ్చేసింది. హెడ్డాఫీసులో మిగిలిపోయిన ఎండీ గారి నీలం సంచీని తెచ్చుకుని, ఆ పెట్టెకు దుమ్ము పడకుండా ముసుగుగా వేశాడు, మబ్బు బొమ్మ పైకి ఉండేటట్టు.

పరీక్ష చేసి సంతకం పెట్టమని కొత్త అధికారులు తొందర పెట్టారు. పెట్టనన్నాను. మబ్బు రావాలన్నాను. నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. వారాలు గడిచాయి. రోజూ సాయంత్రం ఆఫీసు మిద్దె ఎక్కి మా నాయన లాగా పడమటి దిక్కు చూసేవాణ్ని. చివరికి ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"సార్, మోడం వచ్చిండాది."

"ఎంత నల్లగా ఉండాది ఎర్రిస్వామీ?" అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత నా నోట మా భాష వచ్చింది.

"గొర్రెబొచ్చు మాదిరి ఉండాది సార్. డిష్ పాయ. కరెంటు పాయ. పెట్టె నడుస్తాండాది."

అప్పుడు సంతకం పెట్టాను.

పబ్లిక్ మంచిదా, ప్రైవేట్ మంచిదా అని మిమ్మల్ని కూడా అడుగుతారు. అడిగినవాడికి సమాధానం చెప్పకండి, అతన్ని తీసుకుపోయి కౌంటర్ వెనక కూర్చోబెట్టండి. పనికి అందరికంటే ఎక్కువ అవసరం పడే రోజున కూర్చోబెట్టండి, మీకు వీలైన రోజున కాదు. అక్కడి మనిషి చెప్పిన మాటను అతని భాషలోనే రాసుకోండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని అడగండి. అడిగితే పోయేది మీ దర్జా ఒక్కటే, దానికి ఎవరూ వేలిముద్ర వేసి ఎదురుచూడటం లేదు.

మరుసటి జూన్‌లో వాన పడిన మర్నాడు నేను వజ్రకరూరులోనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు, నేనే పోయాను. మబ్బు దట్టంగా ఉంది. సుంకమ్మ వచ్చింది. వేలు పెట్టింది, తెర పచ్చబడింది, బస్తాలు వచ్చాయి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె బస్తా మీద చెయ్యి వేసి, మబ్బు బొమ్మ సంచీ కప్పిన పెట్టెను చూసింది.

"లైను లేకున్నా ఎట్ల ఇచ్చిందప్పా?"

"అన్నీ ఇక్కడే దాచిపెట్టామమ్మా. మీ పేరు, మీ పొలం, అన్నీ ఇందులోనే ఉంటాయి. ఇంకేదీ పోదు," అన్నాను. నా గొంతులో కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది.

"పోయినేటి పదును కూడా దీన్లో దాచిపెట్టింటే బాగుండు గదప్పా," అంది.

ఎర్రిస్వామి బస్తా మూతి కట్టడంలో మునిగిపోయినట్టు తల వంచుకున్నాడు. నేను బస్తాకు ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస ఆమె పట్టుకుంది. ట్రాక్టరు దాకా మోసుకుపోయాం.